తాడిమోడుకు ఎడమచేతి ముడి

సెలవు పెట్టి యాత్రకు వెళ్లొచ్చానని తెలిసి మా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో అందరూ ప్రసాదం కోసం చేతులు చాపారు. వేళాంగణ్ణి అనుకున్నారు పాపం. "వేళాంగణ్ణి కాదు, మన జిల్లాలోనే శ్మశానాలు చూసొచ్చాను" అన్నాను. చాపిన చేతులు చాపినట్టే వెనక్కి పోయాయి. మా సూపర్‌వైజరు గారు నా హెడ్‌సెట్టును వేలితో అవతలికి జరిపి, "తలస్నానం చేసే వచ్చారా అండీ?" అని అడిగారు. బందరు తొక్కుడు లడ్డు డబ్బా మూత తీశాక గానీ ఎవరూ దగ్గరికి రాలేదు. మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ.

నవ్వులాటగా మొదలుపెట్టాను గానీ, కూర్చుని రాస్తుంటే చెయ్యి చల్లబడుతోంది. వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను. వెళ్లమని మాత్రం చెప్పను.

నాతో వచ్చింది మా తెరేజమ్మ వదిన, మా పెద్దన్నయ్య భార్య. అన్నయ్య పోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచి గవర్నర్‌పేటలో నా మేడమీది వాటాలో నాతోనే ఉంటోంది. ఆవిడ పుట్టిల్లు దివిసీమలో సముద్రం ఒడ్డు పల్లె. ఇరవై ఏళ్ల కిందట ఉప్పెన వచ్చినప్పుడు వదిన కొత్త కోడలుగా మా ఇంట్లో, విజయవాడలో ఉంది. అక్కడ అమ్మా నాన్నా తమ్ముళ్లూ అందరూ పోయారు. ఊరు కూడా పోయింది.

ఉప్పెన వచ్చిన ఆ సాయంత్రం నేను డ్యూటీలో ఉన్నాను. అవనిగడ్డ లైను కాసేపు హోరుమంది. ఆ హోరు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. ఆ తర్వాత దివి వైపు దీపం ఒక్కటీ నా బోర్డు మీద వెలగలేదు. అన్నయ్య మాత్రం వెళ్లి చూసి, గడ్డం పెంచుకుని తిరిగొచ్చాడు. "అక్కడ చూడ్డానికేం లేదు" అన్నాడు. వదినను వెళ్లనివ్వలేదు. బతికున్నన్నాళ్లూ ఆ మాట మీదే ఉన్నాడు. శవాలను పెద్ద గోతుల్లో కలిపి పూడ్చారని మాకు తర్వాత ఎవరో చెప్పారు.

వదినకు ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి. "ఫిలోమినా, నడవగలిగినప్పుడే ఒక్కసారి మా అమ్మ మట్టి మీద కొవ్వొత్తి పెట్టి రావాలే" అంది. ఇరవై ఏళ్లలో ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే. నేను కాదనలేకపోయాను.

విజయవాడ: పెద్ద సిలువ కింద

నవంబరు మొదట్లో మాకు సమాధుల పండుగ. ఆ రోజు మా సమాధుల తోట చూడాలి. వారం ముందునుంచే సున్నాలు వేస్తారు. గేటు బయట బంతిపూలకు ఆ ఒక్క పూటా మల్లెపూల ధర పలుకుతుంది. సందె వేళకు ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు, అగరొత్తుల పొగ, పిల్లల కేకలు. హిందూ స్నేహితులు చూసి ఆశ్చర్యపోతారు. వాళ్లు కాటి నుంచి వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొస్తారు. మేము కొత్త బట్టలు కట్టుకుని మరీ వెళతాం.

తోట మధ్యలో పెద్ద సిలువ ఒకటుంది. తమవాళ్లు ఎక్కడ పడుకున్నారో తెలియనివాళ్లు, దూరాభారం వెళ్లలేనివాళ్లు ఆ సిలువ కింద వెలిగిస్తారు. అన్నయ్య సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక వదిన ప్రతి ఏడూ అక్కడికి వెళ్లి అమ్మ కోసం ఒక కొవ్వొత్తి పెడుతుంది.

ఈ ఏడు అది నిలవలేదు. వెలిగించింది, ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది. చుట్టూ కొన్ని వందలు నిబ్బరంగా వెలుగుతున్నాయి, ఆకు కదలడం లేదు. మూడోసారి నేనే వెలిగించి అరచేతులు అడ్డం పెట్టాను. నా చేతుల మధ్యే మంట వంగింది, ఎవరో ఊదినట్టు పోయింది.

"వత్తి చెమ్మగిల్లింది వదినా" అన్నాను.

"ఇక్కడ కాదంటోందే" అంది వదిన. ఆ మాట మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది.

తెల్లారి ప్రయాణం. వదిన సంచీ సర్ది, పాత చీర ముక్కతో మూతి బిగించి కట్టింది. వదిన వేసిన ముడి విప్పడం మా ఇంట్లో ఎవరి తరమూ కాదు. ఊరెళ్లొచ్చిన ప్రతిసారీ నేను బ్లేడుతో కోసేస్తాను. "ఇదెక్కడి ముడి వదినా, ముందుకు లాగితే వెనక్కి బిగుస్తుంది?" అని విసుక్కుంటే నవ్వింది. వాళ్లమ్మది ఎడమచేతి వాటమట. ఎడమచేత్తో వడ్డిస్తోందని అత్తగారు అట్లకాడతో కొట్టేదట. అన్నం పెట్టడం కుడిచేత్తో నేర్చుకుంది గానీ, పుల్లలమోపు కట్టడం మాత్రం చివరిదాకా ఎడమచేత్తోనే. వదినది కుడిచేతి వాటమే. కానీ అమ్మ ఒళ్లో కూర్చుని నేర్చుకుంది కాబట్టి ముడి అమ్మదే వచ్చింది.

హనుమాన్ జంక్షన్ దాటాక: నడిచే సిలువలు

దివికి ఇటు నుంచి వెళ్లడం చుట్టుదారే. కానీ మా నాన్నను పూడ్చింది అక్కడే, పండుగ వెళ్లిన మర్నాడైనా ఒక పువ్వు పెట్టకపోతే ఎలా? జంక్షన్లో లారీల దుమ్ములో నిలబడి ఇడ్లీ తిన్నాం. ప్లేటు నాలుగు రూపాయలు, అల్లం పచ్చడి ముందు మాత్రం మా విజయవాడ హోటళ్లు సిగ్గుపడాల్సిందే. అక్కడినుంచి గుడివాడ రోడ్డులో లాకుల దగ్గర దిగి కాలవ గట్టు మీద నడిచాం.

డెల్టాలో చచ్చినవాళ్లంతా గట్ల మీదే ఉంటారు. తెల్లదొరలు కాలవలు తవ్వించినప్పుడు రెండు పక్కలా మట్టి పోసి గట్లు కట్టారు. ఆ గట్లు సర్కారు పోరంబోకు. మూడు పంటలు పండే మాగాణి శవాల కోసం ఎవరు వదులుతారు? అందుకని ఊరూరా గట్టు పంచుకున్నారు. ఫలానా తూము దాకా ఒక కులం, అక్కడినుంచి రావిచెట్టు దాకా ఇంకో కులం, ఆ తర్వాత సాయిబులు, ఆ తర్వాత మేము. బతికుండగా పేటలు ఎలా ఉన్నాయో పోయాక కూడా అదే వరస.

నాన్న సిలువ కొబ్బరిచెట్టు మొదట్లో ఉండాలి. లేదు. చెట్టుకు ఇవతల, కాలవ వైపు, నాలుగు బారల దూరంలో ఉంది. పేరు నాన్నదే. అక్షరాలకు నేనే రంగు వేయించాను.

గుంటలు తవ్వే రాయప్ప గడ్డి కోసుకుంటూ కనిపిస్తే పిలిచాను. "చెట్టు పక్కన ఉండాలి కదా రాయప్పా. చెట్టు అటు ఎలా జరిగింది?"

"చెట్టు జరగలేదమ్మా. మీ నాన్నగారే జరిగారు" అన్నాడు.

నల్లరేగడి కదా. ఎండాకాలం నెర్రెలిచ్చి నోరు తెరుస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. సిలువలు కాలవ వైపు వాలిపోతాయి. పండుగకు ముందు రాయప్ప వాటిని పీకి, కంటి అంచనాతో మళ్లీ పాతుతాడు. ఏటా జానెడో బెత్తెడో కిందికి. ఆ వరసలో అన్నీ అలాగే నడుచుకుంటూ నీళ్ల వైపు వెళుతున్నాయి. గట్టు అంచున ఉన్నవి రెండు సగం కాలవలోకి ఒరిగి, ఎవరో వంగి నీళ్లు తాగుతున్నట్టున్నాయి.

"మరి నాన్న ఎక్కడున్నట్టు?"

"ఈ చుట్టుపక్కలే ఉంటారు తల్లీ. ఎక్కడికి పోతారు?" అని రాయప్ప కొడవలి పక్కన పెట్టాడు. "ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వచ్చి చూడండమ్మా. ఆ నెర్రెల మీద చెయ్యి పెడితే చల్లగాలి తగులుతుంది. ఒక్కోచోట ఒక్కోలా. నేను మట్టి పోసి పూడుస్తాను. మర్నాటికి మళ్లీ తెరుచుకుంటాయి. ఊపిరాడొద్దా వాళ్లకి?"

నేను సిలువ దగ్గర ఒక పువ్వు, కొబ్బరిచెట్టు మొదట్లో ఒక పువ్వు పెట్టి ప్రార్థన చేశాను. ఇన్నేళ్లూ ఎవరి గుండెల మీద పూలు పెట్టి నాన్నా అని ఏడ్చానో. వదిన నా భుజం మీద చెయ్యి వేసింది. "నీకు నాలుగు బారల్లో తేలిపోయిందిలే" అంది.

బందరు: చెమర్చే రాళ్లు

బందరు చేరేసరికి మబ్బు పట్టింది. వాయుగుండం ఉందని రేడియో చెబుతోందట. రేవులో ప్రమాద సూచిక జెండా ఎగరేశారని రిక్షా అతను చెప్పాడు. నవంబరులో ఆ మాట వింటే ఈ జిల్లాలో ఎవరికీ అన్నం దిగదు.

మర్నాడు పొద్దున మబ్బులోనే డచ్చివాళ్ల సమాధులు చూడ్డానికి వెళ్లాం. మూడు వందల ఏళ్ల కిందట బట్టల వ్యాపారానికొచ్చి ఇక్కడే పోయినవాళ్లు. మనిషి పొడవు నల్లరాళ్లు, వాటి మీద డాలూ కిరీటమూ చెక్కడం, చుట్టూ ఒత్తుగా అక్షరాలు. ఒక రాయి మీద ఎవరో గొడుగు ఆరేశారు. ఆ అక్షరాలు బందరులో చదవగలిగినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

గోడ వారనే టీ బడ్డీ. యజమాని కరీం సాహెబు గారు మాకు రెండు రూపాయల టీ ఇచ్చి, చుట్టాలను ఆరా తీసినట్టు మా సంగతంతా అడిగి తెలుసుకున్నారు. సాయిబుల్లో సమాధి మీద పేరు రాయడం తక్కువట. మట్టి దిబ్బ పోస్తారు, అది నేలలో కలిసిపోతే కలిసిపోనిస్తారు.

"మా అబ్బా ఫలానా వరసలో ఉన్నారని తెలుసు గానీ, ఇదీ చోటని వేలు పెట్టి చూపలేనమ్మా" అన్నారు. "పోయినవాళ్లను తలుచుకునే షబే బరాత్ రోజు గేట్లో అడుగుపెట్టి అందరికీ కలిపి సలాం చెబుతాం. అందులో ఆయనకీ చేరుతుంది."

"నాకట్లా సరిపోవడం లేదు సాయిబు గారూ" అంది వదిన.

ఉప్పెన తర్వాత బియ్యం లారీతో దివికి వెళ్లినవాళ్లలో ఆయనా ఒకరట. "గోతి దగ్గరికి వెళ్లండి, కానీ ఒకటమ్మా. ఆ గోతిలో అందరూ లేరు. నీళ్లు చాలామందిని ఎక్కడెక్కడికో తీసుకుపోయాయి." అని గ్లాసులు కడగడానికి వంగి, మళ్లీ తలెత్తారు. "ఇవాళ వెళ్లకపోతే మంచిది. ఆ రాళ్లు చూడండి."

రాళ్లు తడిసి ఉన్నాయి. వాన చినుకు పడలేదు. సముద్రం బాగాలేనప్పుడు రాళ్లకు చెమట పడుతుందని ఆ సందులో చంటిపిల్లలకు కూడా తెలుసట. వదిన ఒక రాయి మీద అరచేయి ఆనించి, ఆ చేతిని నాలుక్కి తగిలించుకుంది. ఎందుకలా చేసిందో నాకు తెలీదు.

"ఉప్పగా ఉందే" అంది. సంచీ తీసుకుని బస్టాండు వైపు నడిచింది.

దివి: కులం అడగని గొయ్యి

పులిగడ్డ దగ్గర కృష్ణ దాటుతుంటే ఎదురొచ్చే బస్సులన్నీ మనుషులతో, మూటలతో, కోళ్లతో కిక్కిరిసి ఉన్నాయి. మా బస్సులో డ్రైవరు, కండక్టరు, మేమిద్దరం, నిద్రపోతున్న ముసలాయన ఒకడు. కండక్టరు టిక్కెట్టు చింపుతూ, "అందరూ ఇటు వస్తుంటే మీరు అటు పోతన్నారేంటమ్మా?" అన్నాడు. వదిన కిటికీలోంచి చూస్తూ, "మా అమ్మని చూడ్డానికి" అంది. ఆయనకు సమాధానం సరిపోయింది.

అవనిగడ్డలో చేపల పులుసుతో భోజనం చేశాం. పులుసు అమృతం, నేను మారు అడిగాను. వదిన ముద్ద ముట్టలేదు. తర్వాత సాంబయ్య అనే ఆటో అతను సముద్రం వైపు తీసుకెళ్లాడు. ఒకప్పుడు వరి పండిన చోట ఇప్పుడు రొయ్యల చెరువులు. మబ్బు కింద నీళ్లు పలకల్లాగా, చలనం లేకుండా ఉన్నాయి.

గొయ్యి అంటే గొయ్యేమీ లేదు. చెరువుల మధ్య కాస్త ఎత్తుగా ఉన్న దిబ్బ. రాయి లేదు, పేర్లు లేవు. దాని మీద గడ్డి మాత్రం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేనంత పచ్చగా, మోకాలెత్తు పెరిగి ఉంది. దిబ్బ కింద మేకల మంద మేస్తోంది. ఒక్క మేక కూడా పైకెక్కడం లేదు.

"కలిపేశారండి అందర్నీ" అన్నాడు సాంబయ్య. "ఏ పేటో, ఏ దేవుడో చూసే వ్యవధి ఎక్కడుంది? జిల్లా మొత్తం మీద కులం అడగని కాడు ఇదొక్కటే."

వదిన గడ్డిలో కూర్చుని కొవ్వొత్తి తీసింది. గాలికి అది ఆరింది. ఈసారి నిజంగానే గాలి ఉంది, నేను భయపడాల్సిన పని లేదు. కానీ వదిన మళ్లీ వెలిగించలేదు. రెండు అరచేతులూ నేలకు ఆనించి చాలాసేపు అలాగే ఉండి, ముఖం ఎత్తింది.

"ఇక్కడ కూడా కాదే."

నాకు కోపం వచ్చేసింది. దాచుకోను. పైన మబ్బు, వెనక సముద్రం హోరు, తిరిగి వెళ్లడానికి బస్సు ఉందో లేదో తెలీదు. "ఇంకెక్కడ వదినా? సముద్రంలోకి దిగి అడగమంటావా?" అని అరిచాను. వదిన కళ్లల్లో నీళ్లు చూసి నోరు మూసుకున్నాను.

సాంబయ్య ఆవిడ ఊరు ఏదని అడిగాడు. చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. "ఆ ఊరి నీళ్లు ఇటు రాలేదండి. ఉత్తరంగా కొట్టాయి. ఆ జనం చాలామంది అటు ఊళ్లలో తేలారు." ఉత్తరం వైపు చెయ్యి చూపించాడు. "ఆ వైపు ఒక పేరంటాలమ్మ ఉంది. ఎవరో తెలీని మనిషి. ఇవాళ హెచ్చరిక జెండా ఎగిరింది కాబట్టి ఆడాళ్లంతా అక్కడే ఉంటారు. ఆ నాటి సంగతులు తెలిసినవాళ్లు ఎవరన్నా దొరకొచ్చు."

పేరు రాయని ఊరు

ఈ ఊరి పేరు రాయనని మాటిచ్చాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

పేరంటాళ్ల గుళ్లు మన వైపు ఊరూరా ఉన్నవే. పుణ్యస్త్రీగా పోయిన ఇల్లాలినో, ఊరికోసం ప్రాణం ఇచ్చినదాన్నో దేవతగా నిలుపుకుంటారు. ఇక్కడ గుడి లేదు. చేల గట్టు మీద తల తెగిన తాడిచెట్టు మోడు ఒకటి. దాని మొదట్లో ఇటుకల గూడు, గూట్లో దీపం. చుట్టూ ముప్ఫై నలభై మంది ఆడవాళ్లు చేతుల్లో చీరలు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కరూ మాట్లాడడం లేదు. ఆకాశం బూడిద రంగులోకి తిరిగింది. ఒక్కొక్కరే ముందుకొచ్చి మోడు చుట్టూ చీర తిప్పి, బిగించి, ముడి వేసి వెనక్కి వెళుతున్నారు. మోడుకు అప్పటికే మనిషంత లావున చీరలున్నాయి. పాతవి వెలిసి, చివికి, కింది వాటికి అతుక్కుపోయాయి. వాటి కొసలు కదులుతున్నాయి. గాలి ఆగినప్పుడు కూడా కదులుతున్నాయి.

ఆ మోడు లోపల డొల్ల. అందులోంచి ఒక హోరు వస్తోంది. దగ్గరికి వెళ్లేదాకా అది సముద్రం అనుకున్నాను. ఆ హోరు నాకు తెలుసు. ఆ సాయంత్రం అవనిగడ్డ లైను ఆగిపోయేముందు నా చెవిలో మోగిన హోరు అది. ఇరవై ఏళ్లుగా నేను మరిచిపోయానని అనుకుంటున్నది.

గూటి దగ్గర దీపం చూసుకునే అమ్మాయి పేరు బంగారమ్మ, ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయి. పక్కన ఆమెను పెంచిన ముసలమ్మ. సాంబయ్య మమ్మల్ని చూపించి ఉప్పెన నాటి మనుషుల కోసం వచ్చారని చెప్పాడు. బంగారమ్మ మాకు చాప వేసింది.

"నీళ్లు తీశాక ఊరివాళ్లు వస్తే, ఈ చెట్టుకి కొంగుతో కట్టుకుని ఒకావిడ ఉందంటండి. ప్రాణం లేదు. ఆ కొంగు లోపల చంటిపిల్ల, బతికే ఉంది. అది నేనే" అంది. ఎన్నోసార్లు చెప్పి అరిగిన మాటల్లా చెప్పింది. "నేను ఆవిడ బిడ్డనో, నీళ్లలో దొరికినదాన్నో ఎవరికీ తెలీదండి. కొంగులో దొరికానని బంగారమ్మ అన్నారు. ఆవిణ్ణి ఈ మొదట్లోనే పూడ్చారు."

"ఆ కట్టు విప్పబోతే రాలా" అంది ముసలమ్మ. "నలుగురం పట్టాం. లాగిన కొద్దీ బిగుసుకుంది. చివరికి నేనే కొడవలి పెట్టి కోశాను. ఎడమచేతి ముడమ్మా అది. ఆ ముడి అట్లా వెయ్యబట్టే పిల్ల నిలిచింది. అందుకే జెండా ఎగిరితే ఊళ్లో ప్రతి ఇంటి ఆడదీ వచ్చి ఎడమచేత్తో ముడి వెయ్యాలి. మమ్మల్నీ అట్లా పట్టుకోమ్మా అని."

నేను వదిన వైపు చూడలేకపోయాను.

వరసలో చివరి ఆడవాళ్లు అవస్థ పడుతున్నారు. కుడిచేతి వాటం మనుషులు కదా, ఎడమచేత్తో తిప్పుతుంటే చీర జారిపోతోంది. బంగారమ్మ లేచి సాయం చేసింది. ఆ పిల్ల ముడీ అంతంతమాత్రమే. విన్నదాన్ని బట్టి వేస్తున్న ముడి అది. చూసి నేర్చుకున్నది కాదు.

వదిన తన సంచీ మూతి వదులు చేసింది. లోపల ఉన్న మారు చీర తీసింది. అప్పుడు నాకు మా చర్చి ఫాదరు గుర్తొచ్చాడు, ఆయన ఏమంటాడో అనిపించింది. వద్దని కొంగు పట్టుకుందామనుకుని కూడా పట్టుకోలేదు. వదిన మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేచి, మోడు చుట్టూ చీర తిప్పి, ఒక కొస పళ్ల మధ్య పట్టి, ఎడమచేతిని కిందినుంచి దూర్చి, పుల్లలమోపు కట్టినట్టు ఒక్క గుంజు గుంజింది. మొత్తం రెప్పపాటులో అయిపోయింది. ఎవరు చూస్తున్నారో కూడా ఆవిడ చూడలేదు.

చీరల కొసలు కదలడం ఆగింది. నాకలా అనిపించింది, ఒట్టేసి చెప్పలేను.

ముసలమ్మ వచ్చి ఆ ముడిని వేళ్లతో తడిమింది. ముందుకు లాగి చూసింది, వెనక్కి బిగుసుకుంది. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. "అదే" అంది.

"ఎవరు నేర్పారండీ మీకు?" బంగారమ్మ అడిగింది.

"మా అమ్మ" అంది వదిన. "ఎడమచేతి వాటం."

లోకంలో ఎడమచేతి వాటం ఆడవాళ్లు ఎంతమంది లేరు? ఆ ముడి దివిలో ఇంకెంతమందికి వచ్చో? ఇప్పటికీ నాకు నేను అదే చెప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం చాప మీద కూర్చుండిపోయాను.

ముసలమ్మ చూపు వదిన మెళ్లో సిలువ మీద పడింది. చుట్టూ నిలబడ్డ ఊరి ఆడవాళ్లను ఒకసారి చూసి, వదిన పమిట అంచు పైకి జరిపి ఆ సిలువను కప్పింది. బతిమాలుతున్నట్టు కప్పింది. ఇరవై ఏళ్లుగా ఊరంతా కొలుస్తున్న తల్లి. రేపు ఏ దేవుడి మనిషి అని రెండు వర్గాలు లేస్తే ఆవిడకూ శాంతి ఉండదు, ఈ పిల్లకూ నీడ ఉండదు. వదినకు అర్థమైంది. పమిటను అలాగే పట్టుకుంది.

"మిమ్మల్ని ఏమని పిలవనండీ?" అని అడిగింది బంగారమ్మ. వదిన నడి వయసు మనిషి. పిన్ని గారనో పెద్దమ్మ గారనో పిలవాల్సిన వయసు తేడా.

"అక్కా అను" అంది వదిన.

బంగారమ్మ చాలాసేపు వదిన ముఖంలోకి చూసింది. తర్వాత వదిన చేతిలోని కొవ్వొత్తిని తనే అందుకుని, గూట్లో దీపానికి అంటించి, దీపం పక్కన నిలబెట్టింది. అది ఆరలేదు. గూట్లో గాలి తగలదు కాబట్టి అనుకున్నాను.

బయల్దేరుతుంటే బంగారమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, ఆకుపచ్చ రవికెముక్క పెట్టి తెచ్చింది. వదిన చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఆయన పోయారమ్మా. నాకు పెట్టకూడదు."

"అమ్మ ముత్తైదువో కాదో చూసినవాళ్లెవరు?" అంది బంగారమ్మ. "ఇక్కడ ఆ పట్టింపు లేదు. ఆడపిల్ల ఒట్టి చేతులతో వెళ్లకూడదక్కా."

వదిన చెంగు పట్టింది. రవికెముక్కను సంచీలో పెట్టి, మూతి మళ్లీ బిగించి కట్టింది.

తిరిగి గవర్నర్‌పేట

దొరికిన ఆఖరి బస్సులో అవనిగడ్డ దాటాం. ఆ వాయుగుండం తీరానికి రాకుండానే చల్లబడిందని మర్నాడు రేడియో చెప్పింది. దారంతా వదిన నిద్రపోయింది. నేను నిద్రపోలేదు. ఆ హోరు చెవిలోంచి పోవడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పటికీ లైను కలిసేముందు ఒక్క క్షణం భయపడతాను.

ఇంటికొచ్చాక అలవాటు చొప్పున బ్లేడు తెచ్చి సంచీ మూతి మీద పెట్టాను. వదిన నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కొయ్యకు. నేను విప్పుతాను."

గంజి కాచుకుని నేను తాగేసినా ఆవిడ ఇంకా ఆ ముడి దగ్గరే కూర్చుని ఉంది. ఎడమచేతి వేలితో కొద్దికొద్దిగా వదులు చేస్తూ, మధ్యలో ఆగుతూ విప్పింది. లోపలినుంచి రవికెముక్క తీసి, మడత విప్పి, భుజానికి ఆనించుకుని నా వైపు తిరిగింది.

"పెళ్లయ్యాక మా పుట్టింటి బట్ట నాకిదే మొదటిది ఫిలోమినా" అంది. "చేతులకు గుడ్డ చాలదేమో. అయినా సరే, కుట్టించుకుంటాను."